వాపసు అడిగిన గడ్డం బ్రష్

పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున మా బావమరిది కోరుట్ల నుంచి ఫోన్ చేశాడు. అతను నా భార్య తమ్ముడు. ఆమె పోయిన ఈ నాలుగేండ్లలో అతను నాకు ఫోన్ చేసింది మూడుసార్లు. అందులో రెండుసార్లు పొరపాటున చెయ్యి తగిలి. అందుకే "బావా, నేనే" అని వినబడగానే, ఈసారి చెయ్యి తగల్లేదని అర్థమై కుర్చీలో సరిగ్గా కూర్చున్నాను.

ముందు బాగోగులు అడిగాడు. జగిత్యాలలో చలి ఎట్లుందని అడిగాడు. జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులో గంట కూడా పట్టదు. రెండు ఊళ్ళకూ చలి ఒక్కటే పెడుతుంది. ఉందని చెప్పాను. కాసేపు ఇద్దరం చలి గురించి ఆలోచించాం.

"బావా, ఒక్క ముచ్చట. ఏమనుకోవద్దు."

"అనుకోను. చెప్పు."

"బాపు ఆయన బ్రష్ అడుగుతుండు."

"ఏం బ్రష్?"

"గడ్డం బ్రష్. మస్కట్ నుంచి తెచ్చింది. నీ దగ్గరున్నదట గదా. పొద్దుమాపు గదే ముచ్చట. ఎప్పుడు తెస్తవ్ మరి?"

ఉంది. పెండ్లినాటి నుంచి నా దగ్గరే ఉంది. ఇరవై మూడేండ్లలో ఒక్కనాడూ అడగని మనిషి ఇప్పుడు ఎందుకు అడుగుతున్నాడని నేను అడగలేదు. "తెస్త" అన్నాను. ఫోన్ పెట్టేశాక, ఆ ఆదివారానికి నా మాటలు అయిపోయాయి. ఒంటరిగా ఉండేవాడికి శనివారం మధ్యాహ్నం కాలేజీ వదిలాక మళ్ళీ గొంతుతో పనిపడేది సోమవారం మొదటి పీరియడ్‌లోనే. సోమవారం నా పాఠంలో మొదటి పది నిమిషాలు ఎవరికీ వినబడవు. పిల్లలు దాన్ని గాంభీర్యం అనుకుంటారు.

ఆ బ్రష్ నా దగ్గరికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా దిక్కు పెండ్లికొడుకుకు అత్తగారివాళ్ళు ఒక పెట్టె పెడతారు. తువ్వాల, సబ్బు, దువ్వెన, అద్దం, పౌడరు డబ్బా, గడ్డం గీసుకునే సామాను అన్నీ ఉండాలి. పెండ్లి పొద్దున విడిదింట్లో దాన్ని పదిమంది ముందు తెరుస్తారు. మా పెద్దమ్మ ఒక్కొక్క వస్తువూ పైకెత్తి, పేరు చదివి, పక్కన పెట్టింది. రేజరు వచ్చింది, క్రీము వచ్చింది, బ్రష్ రాలేదు. మా పెండ్లిళ్ళలో మంచం, బీరువా రాకపోతే సర్దుకుంటారు. దువ్వెన రాకపోతే మాత్రం పెద్దమనుషులు కూర్చోవాలి. మా పెద్దమ్మ ఖాళీ పెట్టెను బోర్లించి, అడుగున తట్టి చూపించింది.

అప్పుడు మా మామ, అంటే నా భార్య తండ్రి, లేచి బయటికి పోయాడు. పదిహేను నిమిషాల్లో ఒక పేపరు పొట్లంతో వచ్చాడు. మస్కట్‌లో పనిచేస్తూ బిడ్డ పెండ్లికని సెలవు మీద వచ్చి ఉన్నాడు అప్పుడు. పొట్లంలో ఆయన సొంత బ్రష్. అది ఇంకా తడిగానే ఉంది.

"సామాను కొనుక్కచ్చినోడు యాది మర్శిండు. గిది నాది," అన్నాడు. "కొత్తది కొనేదాంక వాడుకో అల్లుడా."

ఆ పొద్దున పెండ్లికొడుకు గడ్డం మామ బ్రష్‌తో గీయించుకొని పీటల మీద కూర్చున్నాడు. కొత్తది ఎవరూ కొనలేదు. నేను కొనలేదు, ఆయన అడగలేదు.

ముదురురంగు కట్టె పిడి, నడుము దగ్గర సన్నగా, పైన ఇత్తడి పట్టీ. వెంట్రుకలు మొదట్లో నలుపు, కొనల్లో తెలుపు. ఏ జంతువువో మామకూ తెలియదు. ఒకసారి ముంగిస అనేవాడు, ఇంకోసారి గుర్రం అనేవాడు. మస్కట్‌లో పద్నాలుగేండ్లు ఒక్క గదిలో ఎనిమిదిమంది ఉన్నారట. "ఒక్కటే నల్లా, ఒక్కటే అద్దం. బ్రష్ మాత్రం ఎవని బ్రష్ వానిదే," అని చెప్పేవాడు. ఆ గదిలో ఆయన సొంతమని చెప్పుకోదగ్గ వస్తువు అదొక్కటే అన్నమాట. దాన్ని నాకిచ్చి, సెలవు అయిపోయాక ఆయన విమానం ఎక్కాడు. అక్కడ ఏంతో గీసుకున్నాడో నేనెప్పుడూ అడగలేదు. అల్లుళ్ళు అట్లాంటివి అడగరు.

నా భార్య రోజూ దాన్ని కడిగి, పిడికి ఒక దారం కట్టి, మేకుకు తలకిందులుగా వేలాడదీసేది. "బాపు గిట్లనే ఏలాడదీస్తుండె" అనేది. నీళ్ళు కొనల నుంచి కారిపోతాయి, మొదట్లో నిలవవు. అది ఆమె చెప్పలేదు, నేనే తర్వాత తెలుసుకున్నాను. నేను రసాయనశాస్త్రం చెబుతాను కాబట్టి కొన్ని విషయాలు ఆలస్యంగా తెలుస్తాయి.

"మా బాపు బ్రష్ ఎప్పుడిస్తవ్?" అని ఏడాదికోసారి అడిగేది.

"కొత్తది కొన్నంక."

"కొత్తది ఎప్పుడు కొంటవ్?"

"పాతది ఖరాబైనంక."

"గది నేను ఖరాబు కానిస్తనా," అనేది. కానివ్వలేదు కూడా.

ఆమె పోయాక మా వాళ్ళలో ఉన్న పద్ధతే నేనూ పాటించాను. మాకు పిల్లలు లేరు. పిల్లలు లేకుండా ఆడమనిషి పోతే, పుట్టింటివాళ్ళు పెట్టిన సామాను పుట్టింటికి చేరాలి. వాళ్ళు అడగలేదు. అడిగేదాకా ఉండటం బాగుండదని నేనే పంపాను. బీరువా, మంచం, కుట్టుమిషను, ఇత్తడి బిందెలు, ఆమె పేరు కొట్టించిన స్టీలు గిన్నెలు. ట్రాలీ ఆటో నిండా కట్టి, తాడు బిగించి, కోరుట్లకు పంపించాను. ఇంట్లో నడిస్తే శబ్దం వచ్చేటంత ఖాళీ అయింది. బ్రష్ బాత్రూంలో ఉండి తప్పించుకుంది.

అట్లా ఆ ఇంటి నుంచి వచ్చినవాటిలో నా దగ్గర రెండే మిగిలాయి. ఒకటి ఆ బ్రష్, రెండోది అల్లుణ్ణనే మాట. ఇప్పుడు మొదటిదాన్ని కూడా అడుగుతున్నారు. అదీ ఇచ్చేస్తే రెండోదానికి ఆధారమేమిటో నాకు తోచలేదు. బిడ్డ లేదు, మనుమలు లేరు, సామాను చేరింది. మొదటి రెండేండ్లు ఆమె తిథికి కోరుట్ల పోయాను. ఏం పనిమీద వచ్చినవని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని నేనే ముందుగా ఒక పని పెట్టుకొని పోయేవాణ్ణి. తర్వాత పనులు దొరకలేదు.

బ్రష్ బాత్రూం కిటికీలో ఒక ప్లాస్టిక్ మగ్గులో ఉంది. ఆమె పోయాక నేను డబ్బాలో వచ్చే నురగకు మారాను. వేలాడదీసే ఓపిక లేక బ్రష్‌ను మగ్గులో నిలబెట్టాను, తర్వాత చూడలేదు. నాలుగేండ్లలో మగ్గులోకి ఏ నీళ్ళు చేరాయో చేరాయి. వెంట్రుకలు బూజుపట్టి ఒకవైపుకు ఒరిగాయి. నడినెత్తిన బట్టతల వచ్చింది. పిడి పొడుగునా సన్నటి పగులు. ఆ స్థితిలో దాన్ని కోరుట్లకు తీసుకుపోతే, వాళ్ళ సొమ్మును నేను ఎట్లా చూసుకున్నానన్నది అందరికీ కనబడుతుంది. వాళ్ళ సొమ్ము అంటే బ్రష్ ఒక్కటే కాదు కదా. అందుకని ఇచ్చేముందు బాగుచేయాలని అనుకున్నాను.

యూట్యూబ్ చూశాను. గడ్డం బ్రష్‌ను ఎట్లా బాగుచేయాలో చెప్పిన మనిషికి ఛాతీ దాకా గడ్డం ఉంది. అక్కడే ఆగాల్సింది. షాంపూతో కడిగాను, బూజు పోయింది. పిడి పగులులో బంక నింపి దారం చుట్టి ఆరబెట్టాను, అదీ కుదిరింది. ఆ ధైర్యంతో, లోపలి మురికి కూడా పోవాలని, మరిగిన నీళ్ళలో ముంచాను. వెంట్రుకల కట్ట మొత్తం, సీసా బిరడా ఊడినట్టు, మెల్లగా ఊడి నీళ్ళమీద తేలింది. వేడికి బంక మెత్తబడుతుందని ఆ వారమే రెండో సంవత్సరం పిల్లలకు చెప్పాను. పరీక్షకు వస్తుందని కూడా చెప్పాను.

సోమవారం స్టాఫ్‌రూంలో ఆ రెండు ముక్కలనూ రుమాల్లో పెట్టి, చరిత్ర చెప్పే సారుకు చూపించాను. ఆయనది సిరిసిల్ల.

"తవ్వకాల్ల దొరికిందా సార్?" అన్నాడు.

"మా మామది. ఎవరన్న కట్టేటోళ్ళున్నరా?"

"కొత్తది కొనుండ్రి. ఏంది సార్, వేములవాడ సంబంధం మళ్ళ లేసిందా? గింత తయారైతున్నరు."

వేములవాడ సంగతి స్టాఫ్‌రూం మొత్తానికి తెలుసు. అంతకు రెండు నెలల ముందు మా అక్క నన్ను వేములవాడకు తీసుకుపోయింది. నా వయసుకు దగ్గరి ఆమె, భర్త పోయిన టీచరు. మిర్చీలు పెట్టారు. మేమిద్దరం మాట్లాడుకోవాలని మిగిలినవాళ్ళంతా లేచి పక్కగదిలోకి పోయి, తలుపు దగ్గర నిలబడ్డారు. ఆమె "ఇంట్ల ఎవరెవరుంటరు?" అని అడిగింది. "నేనే" అన్నాను. ఇంకేమన్నా చెబుతానేమోనని చూసింది. చెప్పడానికి ఇంకేం లేదు. తర్వాత మా అక్కకు కబురు పంపింది: మంచి మనిషే కాని, ఒక్కడే ఉండుడు అలవాటైనట్టున్నది, ఇంకొకరికి జాగ ఉన్నట్టు కనిపిస్తలేదు, అని. పావుగంటలో ఆమెకు అంత కనబడింది. మంచి టీచరై ఉంటుంది.

చరిత్ర సారు రుమాల్లోని వెంట్రుకలను కొనగోటితో కదిపాడు. "మా పెద్దబాపు కుంచెలు కట్టేటోడు సార్. మొగ్గాలకు. ఇప్పుడు ఎనభై దాటినయి. చెయ్యి ఆడుతదో ఆడదో. పోయి చూడుండ్రి, ఇంటికి ఎవలన్న వస్తే ఆయనకు సంబురం."

మరమగ్గాలు రాకముందు సిరిసిల్లలో నూలుకు గంజి పట్టించి, వీధి పొడుగునా సాగదీసి, పెద్ద కుంచెలతో దువ్వేవాళ్ళు. పోగు పోగుకు అంటకుండా, గంజి సమంగా పట్టేందుకు. ఆ కుంచెలు కట్టడం ఒక పని. ఆ పని చేసిన చివరివాళ్ళలో ఆయన ఒకడట. కుంచె కట్టేవాడు బ్రష్ కట్టలేడా అని చరిత్ర సారు అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

శనివారం బస్సెక్కాను. వేములవాడలో గుడి నుంచి వచ్చినవాళ్ళంతా ఎక్కారు. కుటుంబాలు కుటుంబాలే గుండ్లు చేయించుకొని, తలలకు పసుపు పూసుకొని ఉన్నారు. సంచీలో గడ్డం బ్రష్ పెట్టుకొని, ఆ తాజా గుండ్ల మధ్య సిరిసిల్ల దాకా నిలబడ్డాను. నా పక్కాయన "మొక్కు తీరిందా?" అని అడిగాడు. "ఇంకా తీరలే" అన్నాను. ఆ రోజుకు అది మంచి సంభాషణే.

పెద్దాయన ఇంట్లో ముందుగదిలో నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. కొడుకు నడుపుతాడు. ఆ చప్పుడులో అందరూ అరిచి మాట్లాడుకుంటారు. నేను వచ్చిన పని చెబితే ఆయన చేతిని చెవికి పెట్టుకున్నాడు. ఇంకా గట్టిగా చెప్పాను. వీధిలో పోయేవాళ్ళు నా గడ్డం వైపు చూశారు.

"నేను మొగ్గానికి కట్టిన గని, మనిషికి కట్టలే సారూ," అన్నాడు ఆయన. "ఎవలదిది?"

"మా మామది తాతా. వాపసు ఇయ్యాలె."

"నీదైతే పారేస్తుంటివి."

"పారేస్తుంటి కావచ్చు."

"పరాయిది గనుక బాగుచేయిస్తున్నవ్. మంచిదే, కూసో."

తడిగుడ్డ పరిచి వెంట్రుకలను ఒక్కొక్కటిగా వేరుచేశాడు. విరిగినవి ఒక పక్క, గట్టివి ఒక పక్క. చూపు ఆనడం లేదని వేళ్ళతోనే తడిమి చెబుతున్నాడు, ఇది బతుకుతది, ఇది పోయింది, అని. సగానికి సగం పోయాయి.

"సన్నమైతది సారూ."

"వేరే వెంట్రుకలు కలపరాదా?"

"కలుపచ్చు. కలిపితే మీ మామది కాదు. పోయినయి పోంగ ఉన్నయి కట్టుకోవాలె."

మిగిలినవాటిని కొనలు కిందికి చేసి ఒక చిన్న గిన్నెలో నిలబెట్టి, నేలకు మెల్లగా కొట్టాడు. కొనలు గిన్నె అడుగు ఆకారానికి గుండ్రంగా సర్దుకున్నాయి. దారం ఒక కొస పండ్లతో పట్టుకొని, రెండో కొసతో చుట్లు చుట్టాడు. ఎనభై ఏండ్ల మనిషికి ఆ పండ్లు అంత గట్టిగా ఎందుకున్నాయో అప్పుడర్థమైంది. ముడి ఎక్కడ పడిందో నాకు కనబడలేదు. కట్ట సన్నమై పిడి గుంతలో వదులవుతుంటే, ఇంకొంత దారం చుట్టి సరిపెట్టాడు. తర్వాత కోడలిని కేకేసి చిక్కటి గంజి తెప్పించాడు. కట్ట మొదలును గంజిలో ముంచి, గుంతలో గంజి నింపి, దిగ్గొట్టి, వెంట్రుకలకు కూడా గంజి రాసి కొనదేలేటట్టు దువ్వాడు. బ్రష్ ఇప్పుడు దుకాణంలో ఉన్నదానికన్నా నిటారుగా నిలబడింది.

"మూడొద్దులు నీళ్ళు తగలనియ్యకు," అన్నాడు. "ఇనుములెక్క అయితది."

నేను ముగ్ధుణ్ణై చూశాను. గంజి నీళ్ళలో ఏమవుతుందో అడిగితే మా కాలేజీలో ఫెయిలైన పిల్లవాడు కూడా చెబుతాడు. ఆయన ఏండ్ల తరబడి నూలుకు గంజి పెట్టినవాడు. ఆయన చేతిలో పని ఏదైనా గంజి దగ్గరికే పోయి ఆగుతుంది. నా చదువుకు మాత్రం ఏమైందో తెలియదు. ఒక మనిషి నా ఎదుట కూర్చొని, నా కోసం రెండు గంటలు ఏదో చేయడం చాలా రోజులకు చూశాను. అందులో పడ్డాను.

మూడొద్దులని పెద్దాయన అన్నాడు. నేను మూడు వారాలు ఉంచాను. తీసుకుపోయి ఇచ్చేస్తే ఆ పని అయిపోతుంది కదా. బావమరిది మళ్ళీ ఫోన్ చేశాడు. "బావా, బాపు బ్రష్ కోసం ఒర్లుతుండు" అన్నాడు. ఇక ఆదివారం బయల్దేరక తప్పలేదు.

మా మామ వాకిట్లో ఎండకు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. నాలుగు రోజుల తెల్ల గడ్డం. కుడిచెయ్యి వణుకుతోంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకొని ఉన్నాడు. బావమరిది పొలానికి పోయాడట. అతని భార్య చాయ ఇచ్చి, "మంచిగున్నవా అన్నా" అని లోపలికి పోయింది. లోపల మా బీరువా కనబడుతోంది. దానిమీద వాళ్ళ పిల్లలు బొమ్మలు అతికించారు.

"అచ్చినవా," అన్నాడు మామ. "తెచ్చినవా?"

రుమాలు విప్పి ఇచ్చాను. వెలుతురుకు పెట్టి తిప్పితిప్పి చూశాడు. పిడి పగులును బొటనవేలితో రాశాడు.

"సన్నవడ్డది."

"పడ్డది మామా."

"నువ్వు గూడ సన్నవడ్డవ్." మళ్ళీ బ్రష్ వైపు చూశాడు. "వేములవాడల పిల్ల ఎట్లున్నది?"

చాయ గ్లాసు కింద పెట్టాను. "ఎవలు చెప్పిండ్రు?"

"వేములవాడ నుంచి కోరుట్లకు బస్సులు లేవా అల్లుడా? మనుషులస్తరు. ముచ్చట్లు రావా?" కోపం లేదు. లెక్కగా చెబుతున్నట్టు చెప్పాడు. "కొత్త అత్తగారోళ్ళు కొత్త పెట్టె పెడ్తరు. అండ్ల కొత్త బ్రష్ ఉంటది. ఇంకొగల ఇంటికి అల్లుడు వోయేటోని దగ్గర నా బ్రష్ ఎందుకని అడిగిన. కొత్తది కొనేదాంక అని జెప్పి ఇచ్చిన గదా."

ఆ షరతు ఇరవై మూడేండ్లు ఆయనకు గుర్తుంది. నాకూ గుర్తుంది.

"కుదరలే మామా."

"వద్దన్నవా?"

"నేను అనలే. ఆమెనే అన్నది."

"ఏమని?"

చెప్పాను. ఇంకొకరికి జాగ ఉన్నట్టు కనిపిస్తలేదని అన్నదని. ఆయన వీధి వైపు చూశాడు. ఒక ఆటో పోయింది, దాని వెనకాల దుమ్ము కూడా పోయింది.

"తెలివిగల్లది," అన్నాడు చివరికి. "చేసుకుంటే అయిపోతుండె గదా." కాసేపటికి మళ్ళీ, "నేనేం వద్దనలే. చేసుకోవద్దని నేనెందుకంట," అన్నాడు.

"అనలే మామా."

"మరి తెచ్చినవ్ గదా. గీసి పో. వీనికి వారానికొకనాడు గూడ పుర్సతు దొరకది."

వీడంటే కొడుకు. లోపలి నుంచి కోడలు వేడినీళ్ళు, సబ్బు, రేజరు తెచ్చి పెట్టింది.

ఇరవై మూడేండ్లలో నేను ఆ మనిషి ముఖాన్ని తాకలేదు. పెండ్లినాడు ఆయన నా కాళ్ళు కడిగాడు, అంతే. మామ ముఖం తాకే సందర్భం అల్లుడికి ఏ పద్ధతిలోనూ లేదు. ఎడమచేత్తో గదువ పట్టుకొని, కుడిచేత్తో బ్రష్ తిప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నా భార్య కళ్ళు మూసుకున్నప్పుడు రెప్పలు అట్లాగే కొద్దిగా అదిరేవి. నేను చూపు గదువ మీదికి మార్చాను.

మొదట నురగ గొప్పగా వచ్చింది. ఇంత చిక్కటి నురగ నా జన్మలో చూడలేదని అనుకున్నాను. రెండో చెంపకు వచ్చేసరికి మరీ చిక్కగా, సాగుతూ, తీగలు తీస్తోంది. అప్పుడు తెలిసింది. మామ ముఖానికి గంజి పెడుతున్నాను. పిడిలో ఏదో కదిలింది. పెద్దాయన వేసిన ముడి ముడిగానే ఉండి, గుంతలోంచి జారింది. లోపల పట్టు లేని వెంట్రుకలు కట్టలోంచి ఊడి వచ్చాయి. ఒక్క క్షణంలో మా మామకు కుడిచెంప మీద ముంగిసదో గుర్రానిదో నల్లటి గడ్డం మొలిచింది. నా చేతిలో పిడి మిగిలింది.

ఆయన కళ్ళు తెరిచాడు. అద్దం తీసుకున్నాడు. చెయ్యి వణుకుతుంటే అద్దంలో ముఖం అటూఇటూ ఊగుతోంది.

"ఏందిది?"

"గంజి మామా. గంజి పెట్టి కట్టిండు."

"చీరెనా ఇది, గంజి పెట్టెతందుకు?"

"సిరిసిల్లల కట్టిచ్చిన."

ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. "కాలేజిల పిల్లలకు ఏం చెప్తవ్ నువ్వు?"

"కెమిస్ట్రీ."

"ఆహా," అన్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని కొంచెం ఆలస్యంగా తెలిసింది. ఆయన నవ్వు శబ్దం లేనిది. కోడలు వాకిలి దగ్గరికి వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డంపెట్టుకొని లోపలికి పోయింది.

మిగిలింది చేత్తో నురగ పెట్టి గీశాను. కుడిచెంప మీది వెంట్రుకలను మాత్రం ఆయన నన్ను తీయనివ్వలేదు. వణికే చేత్తో తనే ఒక్కొక్కటి ఏరి, పేపరు ముక్కలో పెట్టాడు. చాలాసేపు పట్టింది. కొన్ని మెడ దగ్గర ఉన్నాయని చూపిస్తే, అవీ తీశాడు. కట్టను, పిడిని కూడా అందులోనే పెట్టి పొట్లం మడిచాడు. ఇక లేచి ఆ పొట్లాన్ని లోపల ఎక్కడన్నా పెడతాడని, నేను బస్సు టైము గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

పొట్లం నా చేతిలో పెట్టాడు.

"మంచిగ కట్టియ్యి. గీసారి గంజి వద్దు."

"వారంల తెస్త మామా."

"తొందరేం లేదు," అన్నాడు. నెలన్నరగా పొద్దుమాపు బ్రష్ బ్రష్ అని కొడుకును సతాయించిన మనిషి. తర్వాత లోపలికి చూసి, "అల్లుడు తిని పోతడు, బియ్యం పొయ్యి," అన్నాడు. కోడలు ఎప్పుడో పోసిందట.

సిరిసిల్ల పెద్దాయన సంగతి విని చాలాసేపు నవ్వాడు. సాంచాల చప్పుడు మీదుగా వినబడింది. ఈసారి నీటిమోటారు పైపులకు పెట్టే బంక తెప్పించి, మళ్ళీ అదే ముడి వేశాడు. బ్రష్ పది రోజుల్లో పూర్తిగా బాగైంది. నీళ్ళలో ఒక రాత్రంతా ఉంచి చూశాను, ఒక్క వెంట్రుక రాలలేదు. అది ఇప్పుడు నా బల్లమీద ఉంది. ఇది రాస్తుంటే కనబడుతోంది.

మధ్యలో రెండుసార్లు కోరుట్ల పోయాను. బ్రష్ ఇంకా కాలేదని స్వయంగా చెప్పి, చేత్తో నురగ పెట్టి గడ్డం గీసి, తిని వచ్చాను. మిగిలిన ఆదివారాలు మామే ఫోన్ చేస్తున్నాడు. కొడుకు ఫోన్ తీసుకొని, తనే నొక్కుతాడు. చెయ్యి వణికి ఒకటి రెండుసార్లు ఎవరికో పోతుంది, తర్వాత నాకు వస్తుంది.

"అయిందా?" అంటాడు.

"కట్టిండు మామా. బంక ఇంక ఆరలే."

ఇప్పుడు నడి ఎండాకాలం. జగిత్యాలలో దండెం మీద వేసిన దుప్పటి, రెండో కొస సర్దేలోపల మొదటి కొస ఆరిపోతుంది. కోరుట్లలోనూ అంతే.

"ఎండలు కొడ్తున్నయి గదా అక్కడ?"

"కొడ్తున్నయి."

"అయినా ఆరలేదా?"

"ఆరలే మామా."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది.

"ఆరనియ్యి," అని ఫోన్ పెట్టేస్తాడు.